సంఘం దగ్గరున్న సేకరణని దేంట్లో నమోదు చేయాలి? రిజిస్టరు నుంచి ముకుర్తు సాఫ్ట్‌వేర్ దాకా

మ్యూజియం కాదు, లైబ్రరీ కాదు, జీతం తీసుకుని పనిచేసే మనిషి లేడు. కానీ సేకరణ మాత్రం ఉంది. నాటక సంఘం పాత ఫొటోలు, కార్మిక సంఘం కరపత్రాలు, వలస వెళ్లిన కుటుంబాల ఉత్తరాలు, అభిమానులు పోగేసిన గ్రామఫోన్ రికార్డులు, కొద్దిమందే మాట్లాడే భాషలో పాడిన పాటల క్యాసెట్లు. వీటికి ఒక కేటలాగు తయారుచేద్దామని నలుగురు కూర్చోగానే మొదట పడే ప్రశ్న "ఏ సాఫ్ట్‌వేర్ వాడదాం?" అని. ఒకరు వెబ్‌సైట్ పెడదామంటారు, ఇంకొకరు ఫేస్‌బుక్ గ్రూపు చాలంటారు, ఆ వాదనలోనే ఆర్నెల్లు గడిచిపోతాయి.

నా సలహా చాలామందికి చప్పగా అనిపిస్తుంది: మొదటి ఏడాది స్ప్రెడ్‌షీట్ చాలు. ఆ తర్వాత ఎటు వెళ్లాలన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఈ సేకరణని ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అన్నది ఒకటి. ఇప్పుడు ఉత్సాహంగా చేస్తున్న మనిషి తప్పుకున్నాక కూడా, రాసిందంతా చెక్కుచెదరకుండా ఇంకోచోటికి తీసుకెళ్లగలమా అన్నది రెండోది. ఫీచర్ల లెక్క పక్కన పెట్టి, కింద చెప్పినవన్నీ ఈ రెండు ప్రశ్నలతోనే తూచాను.

రెండో ప్రశ్నకి ఎందుకంత బరువిస్తున్నానంటే, సీడీడీబీ కథ వల్ల. 1990ల్లో ఆడియో సీడీని కంప్యూటర్లో పెడితే ట్రాక్ 1, ట్రాక్ 2 అని తప్ప పాటల పేర్లు వచ్చేవి కావు. శ్రోతలే తమ దగ్గరున్న సీడీల అట్టలు చూసి, పేర్లు టైపు చేసి, సీడీడీబీ అనే ఉమ్మడి జాబితాకి పంపేవాళ్లు. ఎవరికీ ప్రతిఫలం లేదు, ఎవరూ అడగలేదు. జాబితా పెద్దదయ్యాక అది కంపెనీ చేతికి వెళ్లింది, తర్వాత గ్రేస్‌నోట్ అయింది, వాడుకునే షరతులు బిగుసుకున్నాయి. టైపు చేసినవాళ్లకి ఒళ్లు మండింది. ఆ కోపంలోంచే ఫ్రీడీబీ, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత జాబితాలు పుట్టాయి. ఫ్రీడీబీ 2020లో మూతపడింది. మ్యూజిక్‌బ్రెయిన్జ్ లాభాపేక్ష లేని సంస్థ కింద ఇప్పటికీ నడుస్తోంది, దాని ముఖ్య డేటాని ఎవరైనా మొత్తంగా దింపుకోవచ్చు. కాబట్టి రేపు ఆ సంస్థ ఉన్నా లేకపోయినా వాలంటీర్ల కష్టం వృథా కాదు.

ముందు తేల్చుకోవాల్సినవి

సాఫ్ట్‌వేర్ కంటే ముందు రెండు నిర్ణయాలున్నాయి. మొదటిది, వస్తువునే తెచ్చుకోవాలా, కాపీ చాలా అన్నది.

న్యూయార్క్‌లో లెస్బియన్ హర్‌స్టోరీ ఆర్కైవ్స్ 1974లో మొదలైంది. చాలా ఏళ్లు ఒక అపార్టుమెంట్లోనే నడిచి, 1993లో విరాళాలతో కొన్న సొంత భవనంలోకి మారింది. తమ చరిత్రకి సంబంధించిన అసలు కాగితాలు ఏ విశ్వవిద్యాలయం చేతిలోనో కాకుండా తమ చేతిలోనే ఉండాలన్నది వాళ్ల పట్టుదల. అమెరికాలోని దక్షిణాసియా వలస కుటుంబాల చరిత్ర కోసం 2008లో మొదలైన సాడా దానికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. ఫొటోలు, ఉత్తరాలు స్కాన్ చేసుకుని అసలువి ఆ కుటుంబాలకే తిరిగి ఇచ్చేస్తుంది. రెండు పద్ధతులూ గౌరవమైనవే. అయితే తేమ తగలని గది, దానికి తాళం, ఆ తాళానికి బాధ్యుడు, ఈ మూడూ లేని సంఘం అసలువి తెచ్చుకోవద్దనే నేనంటాను. ఇచ్చినవాళ్ల బీరువాలోనే అవి భద్రంగా ఉంటాయి. పైగా "మా తాతగారి ఫొటో తీసుకెళ్లారు, మళ్లీ కనబడలేదు" అనే మాట ఒక్కసారి బయటికి వచ్చిందంటే ఇంకెవరూ తలుపు తీయరు.

రెండోది, ఒక్కో వస్తువునీ విడిగా రాయాలా, పెట్టెకో ఎంట్రీ చాలా అన్నది. వెయ్యి లోపు ఉంటే విడివిడిగా రాయండి. పదివేల కాగితాలుంటే మాత్రం ఆ పని ఎప్పటికీ తెమలదు. ఆర్కైవిస్టులు మార్క్ గ్రీన్, డెన్నిస్ మైస్నర్ 2005లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇదే చెప్పింది: కొంచెమే శుభ్రంగా సర్ది మిగతాదంతా కట్టలు విప్పకుండా ఉంచేకంటే, అన్నిటినీ స్థూలంగా వర్ణించి జనానికి అందుబాటులోకి తేవడం మేలని. పెట్టె మీద అంటించినట్టు "సమావేశాల మినిట్స్, 1961–1974, దాదాపు నాలుగు ఫైళ్లు" అని రాసినా అదీ కేటలాగే. ముందు పెట్టెల జాబితా, తర్వాత జనం ఎక్కువగా అడిగే పెట్టెలోంచి ఒక్కొక్కటి. ఫొటోలకి మాత్రం ఈ సూత్రం అంతగా పనిచేయదు. ఫొటోలో ఉన్న మనుషుల పేర్లు చెప్పగలిగేవాళ్లు పెద్దవాళ్లవుతుంటారు కాబట్టి వాటిని ముందుకు జరపాలి.

రిజిస్టరు, స్ప్రెడ్‌షీట్

బైండు చేసిన రిజిస్టరుని తీసిపారేయకండి. పేజీ చింపితే తెలిసిపోతుంది, కరెంటు అక్కర్లేదు, ఏ వస్తువు ఏ రోజు ఎవరి నుంచి వచ్చిందో తేదీ వరుసలో ఉంటుంది. మ్యూజియాలు కూడా కంప్యూటర్లు వచ్చాక దీన్ని వదల్లేదు. వెతకడానికి మాత్రం పనికిరాదు, అందుకే తోడుగా షీటు.

స్ప్రెడ్‌షీట్‌ని చిన్నచూపు చూసేవాళ్లు దాన్ని సరిగా వాడి ఉండరు. ఒక వరుసకి ఒక వస్తువు, ఒక గడిలో ఒకే సంగతి. ఇంతే నియమం. ఏ గళ్లు ఉండాలో తెలియకపోతే దొంగతనాలు పట్టుకోవడం కోసం 1990ల్లో తయారైన ఆబ్జెక్ట్ ఐడీ అనే ప్రమాణాన్ని పట్టుకోండి: వస్తువు రకం, దేనితో ఎలా చేశారు, కొలతలు, మీద ఉన్న రాతలు గుర్తులు, ప్రత్యేకంగా గుర్తుపట్టే లక్షణం, పేరు, అందులో ఏముంది, ఎప్పటిది, ఎవరు చేశారు. పోలీసులకి పనికొచ్చే వర్ణన కేటలాగుకీ పనికొస్తుంది.

దానికి సంఘాలు తప్పకుండా కలపాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఒక ఊహా ఫొటోతో చూపిస్తాను.

సంఖ్య: 2024.3.12
వస్తువు: నలుపు తెలుపు ఫొటో, కాగితం మీద, 11 × 15 సెం.మీ., కుడి పైమూల చిరిగింది
వెనక రాత: నీలి సిరాతో "రెండో ఆట తర్వాత", కింద చదవడానికి వీల్లేని సంతకం
ఎప్పటిది: 195X
ఎవరున్నారు: ఎడమ నుంచి మూడో మనిషి హార్మోనిస్టు అని ఇచ్చినవారు చెప్పారు, ఆయన తమ్ముడని సంఘం పాత కార్యదర్శి అన్నారు
ఎవరు చెప్పారు, ఎప్పుడు: ఇద్దరి పేర్లు, తేదీలు
ఎక్కడుంది: అసలుది ఇచ్చినవారి ఇంట్లో, స్కాన్ ఫైలు 2024_003_012.tif
షరతు: సంఘం సభ్యులు చూడొచ్చు, నెట్‌లో పెట్టకూడదు

సంఖ్యలో మొదటిది ఏడాది, రెండోది ఆ ఏడాది అందిన మూడో సేకరణ, చివరిది అందులో పన్నెండో వస్తువు. మ్యూజియాల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఫైలు పేరు కూడా అదే సంఖ్యతో ఉంటే ఫొటో, షీటు ఎప్పుడూ విడిపోవు. ఇక 195X అంటే 1950ల్లో ఎప్పుడో అని. ఇలా అనుమానపు తేదీలు రాసే పద్ధతికి ఈడీటీఎఫ్ అని పేరు, 2019లో తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601లో చేరింది. 1952~ అంటే ఇంచుమించు 1952, 1952? అంటే నమ్మకంగా చెప్పలేం అని. "బహుశా యాభైల్లో అనుకుంటా" అని నలుగురు నాలుగు రకాలుగా రాసేకంటే ఇది ఎంతో హాయి.

"ఎవరు చెప్పారు" అన్న గడి నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. హార్మోనిస్టా, ఆయన తమ్ముడా అన్న తగాదా తీర్చడం మన పని కాదు, ఇద్దరి మాటా రాసిపెట్టాలి. పెద్ద సంస్థల రికార్డుల్లో "గుర్తు తెలియని కళాకారులు" అని ముగిసిపోయే చోట సంఘం రికార్డులో రెండు పేర్లు, రెండు సాక్ష్యాలు ఉంటాయి. మన బలం అదే.

ఎక్సెల్ చేసే తుంటరి పనులు కూడా తెలిసుండాలి. 3-12 అని రాస్తే మార్చి 12నో డిసెంబరు 3నో చేసేస్తుంది. 007 అని రాస్తే సున్నాలు మింగేసి 7 మిగుల్చుతుంది. దాని క్యాలెండరు 1900తో మొదలవుతుంది, 1889 నాటి ఉత్తరం తేదీ దానికి తేదీగానే కనబడదు. కాబట్టి సంఖ్య గడిని, తేదీ గడిని ముందే "టెక్స్ట్"గా పెట్టుకోండి. గడులు కలపకండి. "పసుపు రంగు వేసినవి ఇంకా స్కాన్ కాలేదు" లాంటి రంగుల భాష అసలొద్దు, సీఎస్‌వీగా (గళ్ల మధ్య కామాలు పెట్టిన సాదా టెక్స్ట్ ఫైలుగా) దాచినప్పుడు రంగులన్నీ పోతాయి. తెలుగులో రాస్తుంటే సీఎస్‌వీని యూటీఎఫ్-8లోనే (అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతి) దాచాలి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవి తెరమీద తెలుగులా కనిపిస్తాయి కానీ వెతికితే దొరకవు, యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు.

ఆన్‌లైన్ షీటా, కంప్యూటర్లో ఫైలా? ఇద్దరి కంటే ఎక్కువమంది రాస్తుంటే ఆన్‌లైన్ షీటే. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ రమణ చూసింది" అని మూడు ఫైళ్లు తిరగడం మొదలైతే ఆ టెన్షన్ భరించలేం. నెలకోసారి దాని సీఎస్‌వీ కాపీ మాత్రం దింపి దాచండి.

వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపులు

పేర్లు రాబట్టడానికి వీటిని మించినవి లేవు. ఒక ఫొటో పెడితే గంటలో "వెనక నిలబడ్డది మా పెద్దమ్మ" అని ఎవరో ఒకరు చెప్తారు. ఏ సాఫ్ట్‌వేరూ ఆ పని చేయలేదు. కానీ ఆ మాట అక్కడే వదిలేస్తే పోయినట్టే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోతుంది, తీసిన తేదీ లాంటి లోపలి సమాచారం చెరిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే నిలుస్తుంది. ఇక వేదికల సంగతి చూస్తే, జనం సొంత పేజీలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో. మైస్పేస్ అయితే సర్వర్లు మార్చే పనిలో 2016కి ముందు జనం పెట్టిన పాటల్ని పోగొట్టుకున్నట్టు 2019లో ఒప్పుకుంది. యాహూ గ్రూప్స్‌లో ఇరవై ఏళ్ల చర్చలు, ఫైళ్లు కూడా అలాగే తుడిచిపెట్టుకుపోయాయి. గ్రూపుని ఊరి పంపులా వాడుకోండి, నీళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. వచ్చిన ప్రతి జవాబునీ ఎవరో ఒకరు షీటులోకి ఎక్కించాలి, ఎవరు చెప్పారన్న సంగతితో సహా.

ఒమేకా, ట్రోపీ, కలెక్టివ్‌యాక్సెస్

షీటు నిండాక జనానికి చూపించాలన్న కోరిక పుడుతుంది. అప్పుడు వినబడే మొదటి పేరు ఒమేకా. అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం చరిత్ర కేంద్రం 2008లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. వస్తువుల వివరాలు డబ్లిన్ కోర్ అనే పదిహేను గళ్ల ప్రమాణంలో ఉంటాయి కాబట్టి ఇంకోచోటికి తీసుకెళ్లడం తేలిక. షీటు నుంచి సీఎస్‌వీగా ఎక్కించవచ్చు. కొన్ని వస్తువుల్ని కలిపి కథలాగా ప్రదర్శన అల్లడంలో దీన్ని మించింది నాకు కనబడలేదు. ఒకే ప్రదర్శన పెట్టుకునే సంఘానికి ఒమేకా క్లాసిక్, ఒకే ఇన్‌స్టలేషన్‌లో అనేక సైట్లు నడపాలనుకుంటే 2017లో వచ్చిన ఒమేకా ఎస్. రెండింటి మధ్య తలపట్టుకోవాల్సిన పనిలేదు, చిన్న సంఘానికి ఏదైనా ఒకటే.

తలపట్టుకోవాల్సింది సర్వరు దగ్గర. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, డేటాబేస్ నడిచే హోస్టింగ్ (అద్దె సర్వరు) కావాలి, అప్‌డేట్లు వేస్తూ ఉండాలి. వేయకపోతే ఎవరో లోపలికి చొరబడతారు, ఒకరోజు సైటు తెరిస్తే మందుల ప్రకటనలు కనిపిస్తాయి. ఈ పని తెలిసిన మనిషి ఒక్కడే ఉంటే ఒమేకా వద్దు, లేదా రుసుము కట్టి వాళ్ల హోస్టింగే తీసుకోండి. ఇద్దరుంటే పెట్టుకోండి.

ట్రోపీ గురించి ఒక్క మాట. అదే కేంద్రం నుంచి 2017లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ సొంత కంప్యూటర్లో వేల ఫొటోలు సర్దుకోవడానికి అద్భుతంగా ఉంటుంది. ఒంటరి పరిశోధకుడికి సరే, పదిమంది కలిసి రాసే పనికి కాదు.

కలెక్టివ్‌యాక్సెస్ అసలైన మ్యూజియం పనిముట్టు. లోపల నమోదుకి ప్రావిడెన్స్ అనే భాగం, బయటికి చూపడానికి పాటకెట్ అనే భాగం. వస్తువు ఏ అలమారలో ఏ అరలో ఉంది, ఎవరికి అరువిచ్చాం, ఎప్పుడు బాగుచేయించాం, ఇవన్నీ పట్టుకుంటుంది. ఒమేకాకి ఇవి చేతకావు. కానీ దాన్ని మనకి తగ్గట్టు మలచడానికే నెలలు పడతాయి. నిజంగా వస్తువులు చేతులు మారుతుంటే, ప్రదర్శనలకి వెళ్లొస్తుంటే తీసుకోండి. స్కాన్లే ఉన్న సంఘం దీన్ని పెట్టుకోవడం అనవసర శ్రమ.

అందరూ చూడకూడనివి ఉంటే: ముకుర్తు

పైన చెప్పినవన్నీ ఒక నమ్మకంతో పుట్టాయి: ఎంత ఎక్కువమంది చూస్తే అంత మంచిదని. అన్ని సమాజాలూ అలా అనుకోవు. ఆస్ట్రేలియాలోని టెన్నెంట్ క్రీక్‌లో వారుముంగు ఆదివాసుల దగ్గరికి మిషనరీలు, పరిశోధకులు తీసిన పాత ఫొటోలు డిజిటల్ కాపీలుగా తిరిగొచ్చినప్పుడు ఈ సమస్య ఎదురైంది. కొన్ని స్త్రీలే చూడాలి, కొన్ని పురుషులే, కొన్ని ఆ కుటుంబమే. చనిపోయినవాళ్ల బొమ్మ ఉంటే ముందే హెచ్చరించాలి. ఉన్న సాఫ్ట్‌వేర్లలో "పబ్లిక్, ప్రైవేట్" అని రెండే బొత్తాలు. అందుకని పరిశోధకురాలు కిమ్ క్రిస్టెన్‌తో కలిసి వాళ్లు తయారుచేసుకున్నదే ముకుర్తుకి మూలం. ఇప్పుడది ఉచిత సాఫ్ట్‌వేర్. ఎవరు దేన్ని చూడొచ్చో సమాజం తన కట్టుబాట్ల ప్రకారం వస్తువు వస్తువుకీ పెట్టుకోవచ్చు. ఒకే వస్తువుకి మ్యూజియం రాసిన వర్ణన పక్కనే సమాజం చెప్పే వర్ణన కూడా ఉంచొచ్చు.

దీనికి తోడుగా లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ ఇచ్చే సాంప్రదాయిక జ్ఞాన లేబుళ్లు ఉన్నాయి. "ఇది ఫలానా ఋతువులోనే వినాలి", "వ్యాపారానికి వాడొద్దు" లాంటి మాటల్ని వస్తువుకి తగిలించవచ్చు. అవి చట్టపు లైసెన్సులు కావు, మర్యాదకి లొంగే మనిషికే పనిచేస్తాయి. కెనడా ఆదివాసులైన ఫస్ట్ నేషన్స్ 1998లో చెప్పిన ఓకాప్ సూత్రాలు, 2019 నాటి కేర్ సూత్రాలు కూడా ఇదే దారి: సమాచారం ఎవరి గురించో దాని మీద అధికారం వాళ్లదే.

ముకుర్తుకీ సర్వరు కావాలి, ఒమేకా కంటే బరువైనది కూడా. అయినా సేకరణలో దాచాల్సినవి నిజంగా ఉంటే ఇంకో ఆలోచన వద్దు. ఒకటో రెండో మాత్రమే ఉంటే షీటులో "షరతు" గడి, విడిగా ఒక తాళం వేసిన ఫోల్డరు సరిపోతాయి.

కామన్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్

ఈ రెండింటినీ కేటలాగుగా కాక, రెండో కాపీ పెట్టుకునే చోటుగా చూడాలి. 2004లో మొదలైన, వికీపీడియాకి ఫొటోలు అందించే వికీమీడియా కామన్స్‌లో పెట్టాలంటే ఆ ఫొటోని ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని ఒప్పుకోవాలి. "వ్యాపారేతరం" అన్న షరతుతో తీసుకోరు. ఇక్కడే చాలా సంఘాలు బోర్లా పడతాయి: ఫొటో మన బీరువాలో ఉన్నంత మాత్రాన హక్కు మనది కాదు, సాధారణంగా అది తీసినవాళ్లదీ వాళ్ల వారసులదీ. హక్కు తేలినవాటికి మాత్రం కామన్స్ బంగారం. వికీపీడియా వ్యాసాల్లోకి వెళ్తుంది, నలుగురి కళ్లలో పడుతుంది, పేర్లు సరిదిద్దేవాళ్లు దొరుకుతారు.

1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీ అంత పట్టింపు పెట్టదు, ఆడియో, వీడియో, పుస్తకం ఏదైనా ఉచితంగా ఎక్కించనిస్తుంది. హక్కుల గొడవ వస్తే తీసేస్తారు. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి సైటు కొన్నాళ్లు అందుబాటులో లేదు. అంతకు ఏడాది ముందు బ్రిటిష్ లైబ్రరీకి ఇదే గతి పట్టి, కేటలాగే నెలలపాటు మూలపడింది. అందుకని వీటిలో పెట్టిన ప్రతిదానికీ ఒక కాపీ మన హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. స్కాన్లు టిఫ్‌గా, మాటలు పాటలు వావ్‌గా (నాణ్యత తగ్గని పెద్ద ఫైళ్లుగా) దాచి, పంచడానికి చిన్న జేపెగ్, ఎంపీ3 చేసుకోండి.

పదాల జాబితా ఎవరిది?

వస్తువులకి ట్యాగులు పెట్టేటప్పుడు గ్రంథాలయాల పద్ధతిలో ముందే ఖాయం చేసిన పదాలే వాడాలా, ఎవరికి తోచింది వాళ్లు రాయాలా? మధ్యేమార్గం చూడాలంటే అభిమానుల కథల ఆర్కైవ్ ఏఓ3 చూడండి. రచయితలు ఏ ట్యాగైనా రాసుకోవచ్చు. వెనక వాలంటీర్లు ఒకే అర్థం ఉన్న ట్యాగుల్ని ఒకదానికొకటి ముడిపెడతారు, ఎవరి మాటనీ చెరపరు. ఏ పదంతో వెతికినా అన్నీ దొరుకుతాయి. చిన్న సంఘం దీన్ని షీటులో రెండు గళ్లతో చేసుకోవచ్చు: చెప్పినవాళ్ల మాట ఒకదాంట్లో, అందరం ఒప్పుకున్న మాట పక్కదాంట్లో. జనం వాడే పేరుని కొట్టేసి పుస్తకాల పేరు పెట్టడం మాత్రం ఎన్నడూ వద్దు.

ఏది ఎంచుకున్నా డొమైన్, హోస్టింగ్, ఈమెయిల్ ఒక మనిషి సొంత ఖాతా మీద ఉండకూడదు. సంఘం పేరుతో ఒక మెయిల్ తెరిచి, పాస్‌వర్డు కనీసం ముగ్గురి దగ్గర ఉంచండి. తర్వాత ఏడాదికోసారి ఒక పరీక్ష పెట్టండి: సీఎస్‌వీ ఫైలునీ, స్కాన్ల ఫోల్డరునీ పెన్‌డ్రైవులో వేసి ఈ పనితో సంబంధం లేని ఒకరికి ఇచ్చి, ఫలానా నాటకం ఫొటో వెతికి, అది ఎవరిచ్చారో, నెట్‌లో పెట్టొచ్చో లేదో చెప్పమనండి. పావుగంటలో చెప్పగలిగితే మీ పద్ధతి మార్చాల్సిన పనిలేదు. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిపోయారో చూడండి. ఎక్కువసార్లు అది ఫైలు పేర్ల దగ్గరే అవుతుంది, దానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.